మీకు తెలుసా? పాత తోలు కోటు వయసు జిప్పు చెబుతుంది!

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ తొడుక్కున్న కోటని చెప్పి అమ్మేవాళ్ళు లోకంలో కొల్లలు. వాళ్ళు చెప్పేదంతా నిజమైతే ఆ యుద్ధంలో కాల్బలమే లేదు, వెళ్ళినవాళ్ళందరూ పైలట్లే అనుకోవాలి. పాత తోలు జాకెట్లు, సైన్యం వదిలించుకున్న కోట్లు సేకరించేవాళ్ళు కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్ళకు మొదట చెప్పే మాట ఒకటే: కథకు డబ్బివ్వకు, కోటుకివ్వు. అమ్మేవాడి కథ ఎలా ఉన్నా కోటు సంగతులు దాని జిప్పులో, లేబుల్లో, కుట్టులో, తోలు అంచులో ఉంటాయి. అమెరికాలో, ఇంగ్లండులో ఆదివారం పూట పాత బట్టలమ్మే థ్రిఫ్ట్ షాపుల చుట్టూ తిరిగే మనవాళ్ళకు పనికొస్తాయనీ, ఇక్కడ చలికోటు అవసరమే లేని మనకు సరదాగా ఉంటాయనీ ఆ సంగతులు కొన్ని.

జిప్పు రన్నరు తిప్పి చూశారా?

మనం రోజూ వాడే జిప్పుకు ఇప్పటి రూపం ఇచ్చినవాడు గిడియన్ సుండ్‌బాక్, స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఇంజనీరు. 1917లో ఆయనకు దాని మీద పేటెంటు వచ్చింది. ఆయన పనిచేసిన కంపెనీ పేరు హుక్‌లెస్ ఫాస్టెనర్, ఉండేది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మెడ్‌విల్‌లో. 1937లో ఆ కంపెనీ తన సరుకు పేరునే తనకు పెట్టుకుని టాలన్ అయింది. ఇంత చరిత్ర ఎందుకంటే, రన్నరు మీద హుక్‌లెస్ అని అచ్చు ఉంటే ఆ జిప్పు యుద్ధానికి ముందుదని ఇట్టే తెలిసిపోతుంది. టాలన్, క్రౌన్, కాన్‌మార్ అనే పేర్లు యుద్ధకాలపు అమెరికన్ జాకెట్ల మీద మామూలుగా కనిపించేవి. 1942 తర్వాత రాగి, ఇత్తడి తూటాలకే చాలకపోవడంతో ఉక్కు జిప్పులు, జింకు జిప్పులు కూడా వచ్చాయి. తుప్పు మరకల జిప్పు చూసి మొహం చిట్లించకండి, అది మంచి సూచనే కావచ్చు.

మరి వై.కె.కె. అని ఉంటే? ఆ కంపెనీ టోక్యోలో 1934లోనే మొదలైంది గానీ అమెరికాలో శాఖ తెరిచింది 1960లో. అమెరికా వైమానిక విభాగం 1942లో కుట్టించిన కోటని చెప్పినదానికి వై.కె.కె. జిప్పు ఉందంటే జిప్పయినా మార్చి ఉండాలి, కోటయినా కొత్తదై ఉండాలి.

ఈ రెండింటిలో ఏది నిజమో కూడా తోలే చెబుతుంది. జిప్పు పట్టీ పక్కన కుట్టు వెంబడి వేలుగోరు పెట్టి నెమ్మదిగా జరపండి. కొత్త కుట్టు దారం పక్కనే ఖాళీ సూదిపోట్లు ఇంకో వరస తగిలితే ఆ జిప్పు తర్వాత వేసింది. గుడ్డ మీద సూదిపోటు ఉతికితే పూడిపోతుంది, తోలు మీద పడ్డ చిల్లు పూడదు. అందుకే మంచి దర్జీలు పాత చిల్లుల్లోంచే మళ్ళీ కుడతారు, అలాంటి పని కనిపెట్టాలంటే భూతద్దం కావాలి. జిప్పు మార్చడం నేరమేమీ కాదు, కోటులో అన్నిటికన్నా ముందు చెడేది అదే. మార్చిన సంగతి దాచిపెట్టి ధర చెప్పడమే తగువు.

ఒక్క జాగ్రత్త. కోటు ఫలానా ఏటికన్నా పాతది కాదని మార్చని జిప్పు గట్టిగా చెప్పగలదు గానీ, కుట్టిన ఏడు ఇదేనని చెప్పలేదు. తయారీదారులు పాత సరుకు మూలన పడేయకుండా ఏళ్ళ తరబడి వాడుకునేవారు.

చేతులు పెట్టుకోవడానికి జేబుల్లేని జాకెట్

సేకరించేవాళ్ళు ఎక్కువగా వెంటపడేది ఏ-2 జాకెట్ కోసం. అమెరికా సైనిక వైమానిక విభాగం 1931లో దాన్ని ఖరారు చేసింది. అంతకుముందు 1927లో వచ్చిన ఏ-1కి ముందు బొత్తాలుండేవి, దీనికి జిప్పు వచ్చింది. ముంజేతులకూ నడుముకూ ఉన్నితో అల్లిన పట్టీలు, భుజాల మీద తోలు పట్టీలు, కాలరు కొసలు ఎగరకుండా టిచ్ బటన్లు, ముందు రెండు మూతల జేబులు. ఆ జేబుల్లోకి పైనుంచి మాత్రమే చెయ్యి వెళ్తుంది. చలికి చేతులు దూర్చుకుని నిలబడదామంటే పక్కన సందు లేదు. సైనికుడు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడకూడదన్నది అప్పటి పట్టింపు. లోపలి జేబు కూడా లేదు.

దీన్ని గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు తప్పుతాయి. అమెరికా వైమానిక దళం ఏ-2ను 1988లో మళ్ళీ తెచ్చింది, ఈసారి మేకతోలుతో. తర్వాత్తర్వాత పక్క జేబులు కూడా పెట్టింది. కాబట్టి చేతులు వెచ్చగా దూర్చుకునే సందు ఉన్న ఏ-2 యుద్ధానిది కాదు. వీపు కూడా చూడండి. యుద్ధకాలపు ఏ-2లకు దాదాపుగా వీపంతా ఒకే తోలు ముక్క. బజారులో దొరికే నకళ్ళకు తోలు ఆదా చేయడానికి రెండు మూడు ముక్కలు అతికి కుట్టి ఉంటారు.

కాలరు కింద లోపలివైపు నేసిన లేబులు ఉంటుంది. రకం ఏ-2 అనీ, డ్రాయింగ్ నంబరు 30-1415 అనీ, కాంట్రాక్టు నంబరూ, కుట్టిన కంపెనీ పేరూ, అమెరికా సైన్యపు వైమానిక దళం ఆస్తి అనీ వరసగా రాసి ఉంటుంది. కుట్టినవాళ్ళలో న్యూయార్క్ రాష్ట్రం బీకన్ ఊళ్ళోని ఏరో లెదర్, పెన్సిల్వేనియాలోని రఫ్ వేర్, బోస్టన్‌లోని కేబుల్ రెయిన్‌కోట్, షికాగోలోని డుబో లాంటివాళ్ళున్నారు. డ్రాయింగ్ ఒక్కటే అయినా ఒక్కో కంపెనీ కాలరు ఒక్కో తీరు, జేబు మూత వంపు ఒక్కో తీరు. లేబులు ఊడిపోయిన ఏ-2ను పట్టుకుని, జేబు మూత మొన చూసి ఇది ఫలానా కంపెనీదని చెప్పగలిగేవాళ్ళున్నారు. మన దగ్గర అంచు చూసి చీర ఏ ఊరి మగ్గం మీద నేసిందో చెప్పే పెద్దవాళ్ళ కోవకు చెందిన మనుషులు వీళ్ళు.

ఇంత ఇష్టపడ్డ కోటును మరి ఆపిందెవరు? 1943లో వైమానిక దళాధిపతి జనరల్ హెన్రీ ఆర్నాల్డ్ తోలు జాకెట్ల కొత్త ఆర్డర్లు ఆపించాడు. గుడ్డ జాకెట్లు వచ్చాయి. పైలట్లు మాత్రం పాత తోలు కోట్లు వదల్లేదు, చిరిగితే కుట్టించుకుని వేసుకున్నారు. యుద్ధం అయిపోయాక స్టీవ్ మెక్వీన్ 1963లో 'ది గ్రేట్ ఎస్కేప్' సినిమాలో ఏ-2 తొడుక్కుని మోటారు సైకిలు ఎక్కాడు. ఇక దాని ధర చెప్పాలా!

నౌకాదళం వాళ్ళ కోటు వేరు. దాని పేరు జీ-1. మేకతోలు, బొచ్చు కాలరు, లోపల ఒక జేబు, చెయ్యి ముందుకు చాచినప్పుడు బిగుసుకోకుండా వీపున మడతలు. జిప్పు వెనకాల గాలి ఆపే తోలు పట్టీ మీద చిన్న చిన్న చిల్లులతో యు.ఎస్.ఎన్. అన్న అక్షరాలు పొడిచి ఉంటాయి. 1986లో వచ్చిన 'టాప్ గన్'లో టామ్ క్రూజ్ వేసుకున్నది ఈ కుటుంబానిదే.

చీలమండ విరిగినాయన కోటు

రాయల్ ఎయిర్ ఫోర్స్ వాళ్ళ దళసరి గొర్రెతోలు జాకెట్‌కు ఇర్విన్ అని పేరు. ఆ పేరు లెస్లీ ఇర్విన్ అనే అమెరికన్‌ది. 1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలో విమానంలోంచి దూకి, గాలిలో ఉండగా తనే తాడు లాగి పారాచూట్ తెరుచుకుని కిందికి దిగాడు. దిగడంలో చీలమండ విరిగింది, మనిషికి ఇంకేం కాలేదు. ఆ ఏడే పారాచూట్ కంపెనీ పెట్టాడు. కాగితాలు రాసినప్పుడు ఎవరో పొరపాటున పేరు చివర ఒక జీ అక్షరం ఎక్కువ వేయడంతో కంపెనీ పేరు ఇర్వింగ్ అయి కూర్చుంది. దిద్దించే ఓపిక ఆయనకు లేకపోయింది. 1926లో ఇంగ్లండులో లెచ్‌వర్త్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ తెరిచాడు, ఎత్తున గడ్డకట్టే చలికి పైలట్లు పడే అవస్థ చూసి 1930ల మొదట్లో ఈ జాకెట్ కుట్టించాడు.

ఆయన కంపెనీ పారాచూట్‌తో ప్రాణం దక్కించుకున్నవాళ్ళకు క్యాటర్‌పిల్లర్ క్లబ్బు అని ఒకటుండేది. సభ్యత్వానికి గుర్తుగా చిన్న బంగారు పట్టుపురుగు పిన్ను ఇచ్చేవారు. పారాచూట్ పట్టు గుడ్డతో కుట్టేవాళ్ళు మరి.

ఇర్విన్ జాకెట్ కొనేటప్పుడు ముక్కలు లెక్కపెట్టండి. మొదట్లో పెద్ద పెద్ద తోలు ముక్కలతో కుట్టారు. యుద్ధం ముదిరి తోలుకు కటకట వచ్చాక చిన్న ముక్కలు కూడా పారేయకుండా అతికారు. అతుకులు ఎక్కువ ఉన్నంత మాత్రాన అది చవక నకలని తేల్చెయ్యకూడదు. ఏ-2కు చెప్పిన సూత్రం దీనికి తిరగబడుతుంది.

గుర్రమా, మేకా, ఆవా?

యుద్ధకాలపు ఏ-2లు ఎక్కువగా గుర్రం తోలువి. మేకతోలు మీద దగ్గరగా చూస్తే సన్నటి గింజల్లాంటి బొడిపెలు వరుసగా ఉంటాయి, వేలితో రాస్తే గరుకు తెలుస్తుంది. గుర్రం తోలు నున్నగా, బిగువుగా, కాస్త మెరుపుతో ఉంటుంది, మోచేతి దగ్గర లోతుగా ముడతలు పడుతుంది. ఆవుతోలు, ఎద్దుతోలుకు రంధ్రాలు పెద్దవి. గొర్రెతోలు మెత్తగా జారుతుంది, నఖం తగిలితే గీత పడుతుంది. 1930లు, 40ల అమెరికన్ జాకెట్ల లేబుళ్ళ మీద 'ముందు భాగం గుర్రం తోలు' అని గొప్పగా రాసేవారు. గుర్రం వెనక భాగం తోలుతో ఖరీదైన బూట్లు చేస్తారు, ముందు భాగం మెత్తన కాబట్టి బట్టలకు పనికొస్తుంది.

తోలు ఏ పద్ధతిలో పదును చేశారో తెలుసుకోవాలంటే అంచు చూడాలి. జేబు మూత కింద, కాలరు అడుగున కోసిన అంచు ఎక్కడో ఒకచోట బయటికి కనిపిస్తుంది. లోపల నీలి బూడిద రంగు ఛాయ ఉంటే క్రోమియం లవణాలతో చేసిన తోలు, గోధుమ రంగుంటే చెట్టు బెరడుతో చేసిన తోలు. నల్లకోటు అయినా లోపలి గోధుమ రంగు తోలు మీద పైపైన నలుపు వేసి ఉంటే మోచేతులు, జేబు అంచులు అరిగిన చోట గోధుమ రంగు బయటపడుతుంది. జపాన్ సేకర్తలు దీనికి టీ రంగు గుండె అని అర్థం వచ్చే పేరు పెట్టుకుని మరీ మురిసిపోతారు. అరిగిన కోటుకు ఎక్కువ ధర పెట్టే వింత ఇక్కడే చూస్తాం. దీంతో కొత్త కోట్ల మీద ఉప్పుకాగితం రాసి అరుగుదల తెప్పించేవాళ్ళూ తయారయ్యారు. నిజమైన అరుగుదల చెయ్యి పడే చోట, మడత పడే చోట, జేబు అంచున ఉంటుంది. వీపు మధ్యలో, చంకకు కాస్త కింద, ఎవరూ రాసుకోని చోట తోలు అరిగి ఉంటే ఎవరు అరగదీశారో అడగండి.

బెరడు పదును మాట వచ్చింది కాబట్టి మన సంగతి ఒకటి. పాత మద్రాసు ప్రాంతంలో ఈస్టిండియా తోలు అని పేరుపొందిన సరుకును పదును చేసింది తంగేడు పట్టతో, తుది మెరుగు కరక్కాయతో. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు ఈ సరుకే కావాలని ప్రభుత్వం దాని ఎగుమతిని తన చేతిలోకి తీసుకుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని బెరడు అలా ఐరోపా కందకాల దాకా వెళ్ళింది. కోట్లకు కాదు, బూట్లకే. అయినా అంచు గోధుమ రంగున్న పాత తోలు సరుకు చూసినప్పుడు ఈ విషయం గుర్తుకు రాక మానదు.

కలకత్తాలో కుట్టిన అమెరికన్ బిళ్ళలు

చైనా, బర్మా, ఇండియా యుద్ధరంగంలో పనిచేసిన అమెరికన్లకు ఒక డాలు ఆకారపు చేతి బిళ్ళ ఉండేది. కింద ఎరుపు తెలుపు చారలు, పైన ఒకవైపు చైనా సూర్యుడు, ఇంకోవైపు ఇండియా నక్షత్రం. 1942 నుంచి అస్సాంలోని చబువా, దింజాన్ లాంటి స్థావరాల నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన విమానాలవాళ్ళ జాకెట్ల మీద ఇది మామూలు దృశ్యం. అమెరికా నుంచి మిషను కుట్టు బిళ్ళలు వచ్చినా, కలకత్తా వంటి ఊళ్ళలో మన పనివాళ్ళ చేత తోలు ముక్కలు కోయించి, జరీ తీగ పెట్టించి కుట్టించుకున్నవే వాళ్ళకు ముద్దు. అలా అక్కడికక్కడ చేయించుకున్న బిళ్ళలకే ఇప్పుడు ఎక్కువ ధర. వంకర నక్షత్రం, కాస్త అటూ ఇటూ అయిన చారలు లోపం కాదు, అవి చేతిపని.

ఆ రంగంలోనే ఇంకో వస్తువుంది. పట్టుగుడ్డ మీద జెండా అచ్చువేసి, ఈ విదేశీయుడు యుద్ధంలో మనకు సాయం చేయడానికి వచ్చాడు, కాపాడండి అని చైనీస్‌లో రాసిన పత్రం. చైనా తరపున పోరాడిన ఫ్లయింగ్ టైగర్స్ అనే అమెరికన్ పైలట్లు దీన్ని జాకెట్ వీపున కుట్టుకున్నారు. తర్వాత కొందరు లోపలి లైనింగుకు కుట్టించుకున్నారు. ప్రతి పత్రానికీ ఒక నంబరు. నకళ్ళు దీనికున్నన్ని మరి దేనికీ ఉండవు, కోటు అసలుదై పత్రం కొత్తదైన జాకెట్లు బోలెడు. కుట్టు దారం చూసే పద్ధతి కింద చెబుతాను.

ఎం-65 లేబులులో ఏడు ఎక్కడుంటుంది?

తోలు కోట్లకన్నా గుడ్డ కోట్లే మేలని నా అభిప్రాయం, ముఖ్యంగా కొత్తవాళ్ళకు. కారణం లేబులే. వియత్నాం యుద్ధకాలపు అమెరికన్ ఎం-65 జాకెట్ తీసుకోండి. పేరులోనే 1965 ఉంది కదా అని అది ఆ ఏటిదే అనుకోకూడదు, ఆ నమూనాను దశాబ్దాల పాటు కుట్టారు. కాలరు అడుగున తెల్లటి గుడ్డ లేబులు ఉంటుంది. ఉతికి ఉతికి అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే కనిపిస్తాయి. అందులో డి.ఎస్.ఏ. 100 అని మొదలయ్యే కాంట్రాక్టు నంబరు వెతకండి. 100 తర్వాత గీత, గీత తర్వాత రెండంకెలు. అవి 68 అయితే ఆ కాంట్రాక్టు 1968 ఆర్థిక సంవత్సరానిది. అప్పట్లో అమెరికా ఆర్థిక సంవత్సరం జులైలో మొదలయ్యేది, కాబట్టి 1967 జులై నుంచి 1968 జూన్ దాకా ఎప్పుడైనా కావచ్చు.

డి.ఎస్.ఏ. అంటే రక్షణ సరఫరా సంస్థ. 1977లో దాని పేరు మారి డి.ఎల్.ఏ. అయింది. లేబులు మీద డి.ఎల్.ఏ. ఉన్న కోటును వియత్నాం యుద్ధంలో వేసుకున్నానని ఎవరైనా చెబితే, 1975లో ముగిసిన యుద్ధానికి ఆయన ఆలస్యంగా వెళ్ళి ఉండాలి. ఇంకా పాత కోట్ల మీద పి.క్యు.డి. అక్షరాలుంటే అది ఫిలడెల్ఫియాలోని సైనిక సరఫరా డిపో.

జిప్పు ఇక్కడా పనికొస్తుంది. ఎం-65 మొదటి కోట్లకు అల్యూమినియం జిప్పు, భుజపట్టీల్లేవు. ఆ తర్వాత భుజపట్టీలు వచ్చాయి, తర్వాత ఇత్తడి జిప్పు వచ్చింది. కాలరు వెనక జిప్పు తీస్తే లోపల సన్నటి టోపీ ముడుచుకుని ఉంటుంది. చాలామంది ఏళ్ళ తరబడి వేసుకుని కూడా అది ఉందని చూసుకోరు.

'టాక్సీ డ్రైవర్'లో రాబర్ట్ డి నీరో, 'ఫస్ట్ బ్లడ్'లో స్టాలోన్ ఎం-65తోనే తిరుగుతారు. సైన్యం నుంచి ఇంటికొచ్చాక కూడా లోపల యుద్ధం ఆగని పాత్రలు రెండూ.

నారింజ లైనింగు ఎందుకు?

జెట్ విమానాలు వచ్చాక తోలు కోటు పనికిరాకుండా పోయింది. కింద వానలో తడిస్తే పైన గడ్డకడుతుంది, ఇరుకు కాక్‌పిట్‌లో దళసరి కోటు అడ్డం. అందుకని నైలాన్. 1950లలో వచ్చిన ఎంఏ-1కి బొచ్చు కాలరు తీసేసి అల్లిక కాలరు పెట్టారు, పారాచూట్ పట్టీలకు అడ్డు తగలకుండా. 1960 ప్రాంతంలో లోపలి లైనింగుకు నారింజ రంగు వచ్చింది. ఎక్కడైనా కూలిపోతే కోటు తిరగేసి తొడుక్కుంటే వెతికేవాళ్ళకు దూరం నుంచి కనపడటానికి. కాబట్టి లోపల కూడా ఆకుపచ్చే ఉన్న ఎంఏ-1 మొదటి రోజులది. ఆక్సిజన్ గొట్టం తగిలించే చిన్న పట్టీ ఛాతీ మీద ఉంటే కూడా అంతే.

ఎంఏ-1 గురించి అసలు కబురు ఇది. 2003లో విలియం గిబ్సన్ 'పాటర్న్ రికగ్నిషన్' అనే నవల రాశాడు. అందులో కథానాయిక బజ్ రిక్సన్స్ అనే కంపెనీ కుట్టిన నల్ల ఎంఏ-1 వేసుకుంటుంది. బజ్ రిక్సన్స్ నిజంగా ఉన్న జపాన్ కంపెనీయే. పాత సైనిక జాకెట్లను దారం రంగుతో సహా అచ్చుగుద్దినట్టు తిరిగి కుట్టడమే వాళ్ళ పని. అంత నిష్ఠ గలవాళ్ళు అసలు కోటుకు లేని నలుపు కుట్టరు. నవల చదివినవాళ్ళు ఆ కోటు కావాలని వాళ్ళను అడగడం మొదలుపెట్టారు. చివరికి కంపెనీయే గిబ్సన్ అనుమతి తీసుకుని ఆయన పేరు మీద నల్ల ఎంఏ-1 కుట్టింది. లేని కోటు నవలలోంచి బజారుకొచ్చింది!

5 డాలర్ల 50 సెంట్లు

1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ అనే ఆయన మోటారు సైకిలు నడిపేవాళ్ళ కోసం ఒక తోలు జాకెట్ కుట్టాడు. తనకిష్టమైన చుట్ట పేరు పెర్ఫెక్టో, కోటుకూ అదే పెట్టాడు. లాంగ్ ఐలండ్‌లో హార్లీ డేవిడ్‌సన్ దుకాణంలో దాని ధర 5 డాలర్ల 50 సెంట్లని కంపెనీ చెప్పుకుంటుంది. జిప్పు ఏటవాలుగా ఎందుకుందో చాలామంది స్టైలు కోసమనుకుంటారు. బండి మీద వంగి కూర్చున్నప్పుడు నిటారు జిప్పు పొట్టలో గుచ్చుకుంటుంది, పైగా రెండు తోలు పొరలు ఒకదాని మీద ఒకటి పడితే గాలి దూరదు. 1953లో 'ది వైల్డ్ వన్'లో మార్లన్ బ్రాండో అలాంటి కోటు వేసుకున్నాడు. బ్రిటన్‌లో ఆ సినిమాకు 1967 దాకా సెన్సారు సర్టిఫికెట్టే ఇవ్వలేదు.

తలా ఒక ముక్క

టోగుల్ కర్రలుండే డఫెల్ కోటు యుద్ధంలో బ్రిటిష్ నావికులది. దళసరి గ్లోవ్స్ తియ్యకుండానే పెట్టుకునే బొత్తాలు కావాలని అలా చేశారు. యుద్ధం తర్వాత మిగిలిన గుట్టలను కొని అమ్మిన మోరిస్ దంపతుల వ్యాపారం గ్లోవ్స్, ఓవరాల్స్. ఆ రెండు మాటలు కలిపి గ్లోవరాల్ అనే కంపెనీ పెట్టారు. పిల్లల పుస్తకాల ప్యాడింగ్టన్ ఎలుగుబంటి తొడుక్కున్నదీ డఫెల్ కోటే.

కొరియా యుద్ధం నాటి అమెరికన్ ఎం-51 పార్కాకు వెనక చేప తోకలా చీలిక ఉంటుంది. చలికి ఆ రెండు కొసలు తొడలకు కట్టుకోవాలి. 1960లలో ఇంగ్లండు కుర్రకారు దాన్ని చవకగా కొని, స్కూటరు మీద వెళ్తే ఖరీదైన సూటు మీద గ్రీజు పడకుండా పైన వేసుకున్నారు. తోక ఎవరూ కట్టలేదు.

అమెరికా నౌకాదళం పీకోటు గుడ్డ 1960ల చివర మారింది. అంతకుముందు దళసరి కెర్సీ ఉన్ని, తర్వాత తేలిక మెల్టన్. జేబులో చెయ్యి పెట్టినప్పుడు కార్డురాయ్ తగిలితే పాతది.

బ్రిటిష్ సైన్యపు సరుకు మీద విశాలమైన బాణం గుర్తు ఉంటుంది. బ్రిటిష్ ఇండియాలో తయారైనదాని మీద ఆ బాణంతో పాటు ఐ అక్షరం. వైమానిక శాఖ సరుకైతే కిరీటం, దాని కింద ఏ.ఎం. అక్షరాలు. కిరీటం పై వంపులు గుండ్రంగా లేచి ఉంటే రాజు కాలం. మధ్యలో కిందికి నొక్కుకుని ఉంటే రాణి ఎలిజబెత్ కాలం.

అమెరికన్ పౌరుల గుడ్డ కోటులో ఉతికే పద్ధతి రాసిన శాశ్వత లేబులు తప్పనిసరి అయింది 1972లో. కంపెనీ గుర్తింపుకు లేబులు మీద వేసే ఆర్.ఎన్. అనే నంబరు 1950లకు ముందు లేదు. 1940ల కోటని చెప్పి లోపల ఆర్.ఎన్. నంబరు కనిపిస్తే నవ్వి ముందుకు పొండి.

దారం సంగతి. నోట్లు పరీక్షించే నీలి దీపం చిన్నది వంద రూపాయలకే దొరుకుతుంది. చీకట్లో కుట్టు మీద వెయ్యండి. ఇప్పటి పాలియెస్టర్ దారం చాలాసార్లు తెల్లగా భగ్గుమంటుంది, పాత నూలు దారం మామూలుగా మెరవదు. కానీ ఇప్పటి సర్ఫు పొడితో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది, ఆ పొడిలో మెరుపు మందు ఉంటుంది మరి. కోటంతా మామూలుగా ఉండి వీపు మీద బిళ్ళ చుట్టూ దారం ఒక్కటే వెలిగితే మాత్రం ఆ బిళ్ళ నిన్న మొన్నటిది.

సైజు నమ్మకండి. పాత 42 ఇప్పటి 42 కాదు, పైగా తోలు ఎండి కుంచించుకుని ఉంటుంది. కోటును బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు టేపు పెట్టి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యండి. మీ ఛాతీ చుట్టుకొలత కన్నా అది నాలుగంగుళాలైనా ఎక్కువ ఉండాలి.

మన ఉక్కపోతలో దాచడం

విశాఖలోనో విజయవాడలోనో తోలు కోటును బీరువాలో ప్లాస్టిక్ కవరులో పెట్టి మరిచిపోతే వానాకాలానికి తెల్ల బూజు పడుతుంది. నూలు సంచి కట్టి, లావాటి హ్యాంగరుకు వేలాడదీసి, నెలకోసారి నీడన గాలికి ఆరేయాలి. సన్నటి ఇనప హ్యాంగరు భుజం దగ్గర బొడిపె తెస్తుంది, అది మళ్ళీ పోదు. ఉన్ని అల్లిక పట్టీలను చిమ్మటలు కొరుకుతాయి కాబట్టి కలరా ఉండలు దగ్గరుండాలి గానీ తోలుకు తగలకూడదు.

చెప్పులు మెత్తబడటానికి కొబ్బరినూనె రాసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. కోటుకు ఆ పని చెయ్యకండి. నూనె ముక్కిపోతుంది, బూజుకు మేత అవుతుంది, నూలు కుట్లు నాని పుచ్చిపోతాయి. ఎక్కువ రాయడం కన్నా ఏమీ రాయకపోవడం మేలు. బెరడు పదును తోలు పాతబడి, పట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటితే దానికి మందు లేదు. గాలిలోని గంధకపు కాలుష్యం వల్ల తోలు లోపల్నించి పొడి అయిపోతోందన్నమాట. అలాంటిది ఎంత చవకైనా కొనవద్దు.

వేసుకోవచ్చా మరి?

మన దేశంలో సైనికుడు కానివాడు, సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకోవడం నేరం. ఇదివరకు భారత శిక్షాస్మృతి 140వ సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను. మూడు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత సైనిక దుస్తుల్లాంటివి వేసుకోవద్దని ఆర్మీ పౌరులకు విజ్ఞప్తి కూడా చేసింది. 2022లో తెచ్చిన కొత్త యూనిఫాం డిజైనును అనుమతి లేకుండా ఎవరూ కుట్టకుండా రిజిస్టరు చేయించింది. బిళ్ళలూ హోదా గుర్తులూ లేని పాత అమెరికన్ ఎం-65 వేసుకుని ఊటీ వెళ్తే ఎవరూ పట్టించుకోరు. బిళ్ళలన్నీ ఉన్న కోటు దొరికితే వాటిని ఊడదీయకండి, ధర సగం పడిపోతుంది. దాన్ని ఇంట్లోనే ఉంచి, ఊటీకి స్వెట్టరు తీసుకెళ్ళండి.